చివరి పేజీ చింపిందెవరు?

నంద్యాల: డిటెక్టివ్ నవల అద్దెకు తెచ్చుకుని, రాత్రంతా లాంతరు ముందు చదివి, తీరా హంతకుడు బయటపడే చోట చివరి పేజీ లేకపోతే? 1970, 80 దశకాల్లో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత పాఠకులకు ఇది తెలిసిన బాధే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు ఎంతటి నేరస్థుడినైనా పట్టేవారు. పేజీ చింపినవాడిని మాత్రం అద్దె షాపు యజమానే పట్టుకోవాలి. ఆయనకున్న ఆధారం ఖాతా పుస్తకం ఒక్కటే. నవల ఎవరి తర్వాత ఎవరి చేతికి పోయిందో అందులో ఉంటుంది. పేజీలు మడిచేదెవరో, సున్నం వేలితో తిప్పేదెవరో ఆయనకు ఎరుకే. తొందరపడి తప్పు మనిషి డిపాజిట్ కోస్తే ఆ వీధి వీధంతా షాపు మానేస్తుంది.

అమెరికాలో కరోలిన్ హార్ట్ 1987లో ఇలాంటి దుకాణదారునే పరిశోధకురాలిని చేసి ‘డెత్ ఆన్ డిమాండ్’ నవల రాశారు. అందులో ఆనీ అనే యువతి ఒక దీవిలో డిటెక్టివ్ పుస్తకాలమ్ముతుంది. ఆమె షాపులోనే ఒక రచయిత హత్యకు గురవుతాడు. అనుమానం ఆమె మీదకే వస్తుంది. వచ్చిపోయే వాళ్ల గుట్టుమట్లు తెలియడమే ఆమె బలం. మన యజమానులదీ అదే విద్య, నవలకెక్కలేదంతే.

దొంగ దొరికినా పోయిన పేజీ దొరకదు. ముగింపు కోసం ముందే చదివినవారిని రచ్చబండ దగ్గర అడగాల్సిందే. ఇద్దరిని అడిగితే ఇద్దరు హంతకులు తేలేవారు.