ఎస్-21 పైకి తేలి ఉండాల్సిందా?

సముద్రం అడుగున ఎస్-21 అనే మన జలాంతర్గామి. మందుపాతర పేలి ముందుకు కదిలే శక్తి పోయింది. కెప్టెన్ చనిపోయాడు. అది పైకి లేవగలదు, కిందికి దిగగలదు. పక్కకు ఒక్క గజం కూడా జరగలేదు. దగ్గర్లోనే ఎక్కడో శత్రువు, అంటే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, పొంచి ఉంది. పైకి తేలి ప్రాణాలు దక్కించుకోవాలా, కిందే ఉండి పోరాడాలా? 2017 ఫిబ్రవరి 17న విడుదలైన ‘ఘాజీ’ చివరి భాగమంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. సంకల్ప్ రెడ్డి దర్శకత్వం వహించిన ఈ సినిమా 65వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. రానా పోషించిన జలాంతర్గామి అధికారి అర్జున్ వర్మ పోరాటాన్నే ఎంచుకుంటాడు, గెలుస్తాడు. గెలిచాడు కాబట్టి అతను చేసింది సరైనదే అనుకుని మనం హాల్లోంచి బయటికి వచ్చేస్తాం. కానీ ఒక నిర్ణయం మంచిదా కాదా అన్నది ఫలితాన్ని చూసి తేల్చేది కాదు. ఆ క్షణాన ఆ మనిషికి ఏం తెలుసు, అతని చేతిలో ఏముంది, ఆ నిర్ణయం ఎవరెవరి ప్రాణాల మీదికి వస్తుంది అన్నవి చూసి తేల్చాలి. అలా తూస్తే అర్జున్ పోరాడాలనుకోవడం నిలబడుతుంది. పోరాడిన పద్ధతి మాత్రం సగమే నిలబడుతుంది. ఆ మిగతా సగం ఎలా ఉండాలో 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో విశాఖలో జరిగిన అసలు కథ చెబుతుంది.

ముందు ఆ యంత్రం సంగతి చూడాలి. విశాఖ వాళ్లకు దీన్ని కళ్లారా చూసే వీలుంది. మద్దిలపాలెం కూడలి నుంచి ఆంధ్రా యూనివర్సిటీ మీదుగా బీచ్ రోడ్డుకు చేరితే ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కురుసుర కనిపిస్తుంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో సేవ ముగించింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. సినిమాలోని ఎస్-21 కథ కల్పితమే కానీ ఆ సంఖ్య నిజంగా ఉన్నదే. కురుసురది ఎస్-20 అయితే, అదే తరగతికి చెందిన ఐఎన్ఎస్ కరంజ్‌ది ఎస్-21. కురుసుర లోపలికి వెళ్లినవాళ్లకు సుమారు 91 మీటర్ల పొడవులో డెబ్భై మందికి పైగా మనుషులు ఎంత ఇరుకున బతికారో అర్థమవుతుంది. మన ప్రశ్నకు పనికొచ్చే విషయాలు అక్కడే రెండున్నాయి. మొదటిది, టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు ఉంటాయి. పక్కలకు ఒక్కటీ ఉండదు. రెండోది, ఇది పైకీ కిందికీ కదిలేది బ్యాలస్ట్ ట్యాంకుల వల్ల. వాటిలోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, అధిక పీడనంతో నింపి ఉంచిన గాలితో ఆ నీళ్లను బయటికి తోస్తే తేలుతుంది. అందుకే ప్రొపెల్లర్ తిరగకపోయినా ఎస్-21 నిలువునా కదలడం అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడు మొదటి దారి: పైకి తేలడం. వినడానికి ప్రాణాలు కాచే దారిలా ఉంటుంది, కానీ అక్కడే అసలు ప్రమాదం ఉంది. నీటి అడుగున ఉన్న జలాంతర్గామిని శత్రువు చూడలేడు, వినగలడంతే. వినిపించేది ముఖ్యంగా ప్రొపెల్లర్ చప్పుడు, మోటార్ల చప్పుడు. కదలలేని ఎస్-21 దగ్గర ఆ చప్పుడే లేదు. అవిటితనమే దానికి దాపు. ట్యాంకుల్లోకి గాలి వదిలి పైకి లేస్తే ఆ హోరు దూరానికి వినిపిస్తుంది. పైకొచ్చాక పెరిస్కోపుకు స్పష్టంగా కనిపిస్తుంది, తప్పుకోలేదు, పారిపోలేదు. పైగా అప్పటి టార్పెడోలు ముఖ్యంగా నీటి మీద తేలే ఓడల్ని ముంచడానికి తయారైనవే. కాబట్టి కదలలేని జలాంతర్గామిని పైకి తేల్చడమంటే శత్రువు పని తేలిక చేయడమే. అర్జున్‌కు తెలిసిన విషయాలతో ఆలోచిస్తే కిందే ఉండటం వీరావేశం కాదు, బతకడానికి ఉన్న మెరుగైన దారి.

పాత్ర స్వభావం వైపు నుంచి చూసినా ఈ నిర్ణయం అతుకుతుంది. సినిమా మొదటి సగంలో కె.కె.మీనన్ పోషించిన కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్ శత్రువు కనిపిస్తే చాలు దాడి చేయాలంటాడు. ఆదేశం లేనిదే కాల్చకూడదని అర్జున్ అడ్డుపడతాడు. అలాంటివాడు చివర్లో పోరాటానికి దిగడం మాట మార్చడమని కొందరికి అనిపించవచ్చు. కాదు. అతను ఎదిరించింది యుద్ధాన్ని కాదు, తొందరపాటును. మందుపాతర పేలి మనుషులు పోయాక, ఘాజీ విశాఖ మీదికీ మన విమానవాహక నౌక విక్రాంత్ మీదికీ వస్తోందని తేలిపోయాక, వేచి చూడమనే వాదానికి ఆధారం ఉండదు. పరిస్థితి మారింది కాబట్టి అర్జున్ నిర్ణయం మారింది. రణ్‌విజయ్ చావు అతన్ని రెచ్చగొట్టిందని కాక, అతని లెక్కలో కొత్త అంకె చేరిందని చూస్తే ఈ పాత్ర మరింత గట్టిగా కనిపిస్తుంది.

చిక్కు వచ్చేది పోరాడిన పద్ధతి దగ్గర. టార్పెడో గొట్టాలు రెండు కొసల్లోనే ఉన్నాయి, ఎస్-21 అటూ ఇటూ తిరగలేదు. వదిలిన టార్పెడోను గైరో సాయంతో కొంత మలుపు తిప్పవచ్చు కానీ లక్ష్యం దాదాపు ఎదురుగా ఉంటేనే దెబ్బ నమ్మకంగా తగులుతుంది. తాను వెళ్లలేని చోటికి శత్రువునే రప్పించుకోవాలి. ఇంతవరకూ తర్కం పక్కాగా ఉంది. రప్పించడానికి సిబ్బంది జాతీయగీతం పాడతారు. అది విన్న ఘాజీ కెప్టెన్ రజాక్ కోపంతో ఊగిపోయి మీదికొస్తాడు. ఎస్-21 టార్పెడో అతన్ని పడగొడుతుంది. గాలిలో పుట్టిన పాట ఉక్కు గోడ దాటి నీళ్లలోకి వెళ్లేసరికి చాలా బలహీనపడుతుంది కదా అన్న సందేహాన్ని పక్కన పెట్టవచ్చు. దగ్గర్లో ఉన్న సోనార్‌కు ఎంతో కొంత అందిందనుకుందాం. పెద్ద సందేహం వేరు. డెబ్భై మంది ప్రాణాలు శత్రువు కోపం మీద ఆధారపడ్డాయి. రజాక్‌ను సినిమా అంతకుముందు ఓపిక, నేర్పు ఉన్న వేటగాడిగా చూపించింది. అలాంటివాడు పాట విని నిబ్బరం కోల్పోతాడని అర్జున్‌కు ఏ ఆధారంతో తెలుసు? అతను కోప్పడకుండా, ఆ శబ్దం వచ్చిన దిక్కును గుర్తుపెట్టుకుని, దూరంగా ఉండే కాల్చి ఉంటే?

అలా కాలిస్తే తప్పుకోవడం ఎంత కష్టమో చిన్న లెక్క చెబుతుంది. 30 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగంతో వచ్చే టార్పెడో రెండు కిలోమీటర్ల దూరాన్ని రెండు నిమిషాల పైచిలుకులో దాటేస్తుంది. వేల టన్నుల ఇనుమును ఆ వ్యవధిలో పైకో కిందికో జరిపి ఒకసారి తప్పించుకోవచ్చు. మళ్లీ మళ్లీ కుదరదు. పైకి లేచిన ప్రతిసారీ పీడనంతో నింపి ఉంచిన గాలి ఖర్చవుతుంది, నీటి అడుగున దాన్ని తిరిగి నింపుకోలేరు. ఇక నీటిలో మునిగి ఉన్న జలాంతర్గామి, నీటిలో మునిగి ఉన్న మరో జలాంతర్గామిని ముంచడం యుద్ధ చరిత్రలో నమోదైంది ఒక్కసారే. 1945 ఫిబ్రవరి 9న నార్వే తీరంలో బ్రిటన్‌కు చెందిన వెంచరర్, జర్మనీకి చెందిన యు-864ను ముంచింది. వెంచరర్ కెప్టెన్ లాండర్స్ శత్రువును రెచ్చగొట్టలేదు. గంటల తరబడి మౌనంగా వెంటాడి, అది ఏ లయలో వంకరటింకరగా తిరుగుతోందో గమనించి, తర్వాత ఎటు మళ్లుతుందో లెక్కగట్టి, వేర్వేరు లోతుల్లో నాలుగు టార్పెడోలు వదిలాడు. నాలుగోది తగిలింది. వెంచరర్ కదలగలదు, ఎస్-21 కదలలేదు కాబట్టి రెండింటినీ పోల్చకూడదని ఎవరైనా అనవచ్చు. నిజమే, వెంటాడటం అర్జున్‌కు కుదరదు. కానీ లాండర్స్ శత్రువును తెలివైనవాడిగానే లెక్కేశాడు, అతని తెలివి ఎటు నడిపిస్తుందో ఊహించాడు. ఆ పని కూర్చున్న చోటు నుంచి కూడా చేయవచ్చు.

సరిగ్గా ఆ పనే 1971లో విశాఖలో జరిగింది. పాకిస్తాన్ జలాంతర్గాముల్లో బంగాళాఖాతం దాకా రాగలిగింది ఘాజీ ఒక్కటే. అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి, 1960ల్లో పాకిస్తాన్ చేతికి వచ్చిన ఆ జలాంతర్గామి 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరి, ద్వీపకల్పాన్ని చుట్టి సుమారు 4,800 కిలోమీటర్లు ప్రయాణించింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్. బాయిలర్‌లో పగుళ్ల వల్ల విక్రాంత్ వేగం తగ్గి ఉంది కాబట్టి దాన్ని కాపాడుకోవడం మరీ కష్టం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ దాన్ని అండమాన్ వైపు పంపి, అది విశాఖలోనే ఉందనే భ్రమ కల్పించాడు. మన నౌకాదళ కథనం ప్రకారం పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్‌లా నటించింది. పెద్ద నౌకకు తగినంత రేడియో సందడి చేసింది. ఒక నావికుడి తల్లి ఆరోగ్యం గురించి ఆరా తీసే మామూలు సందేశం కూడా పంపింది. గూఢచారుల చెవిన పడేలా విశాఖలో భారీగా మాంసం, కూరగాయలకు ఆర్డర్లు వెళ్లాయి. ఇందులో శత్రువును కోపగించుకునేలా చేసే మాట ఒక్కటీ లేదు. బుద్ధిమంతుడు ఏ ఆధారాలు చూసి నమ్ముతాడో ఆ ఆధారాలే అతని ముందు పెట్టారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు బయట రాజ్‌పుత్ రెండు డెప్త్ చార్జిలు వదిలింది; పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీలోని 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. డెప్త్ చార్జిల వల్లే మునిగిందని మన నౌకాదళం అంటుంది. అది తానే పరిచిన మందుపాతరో, లోపలి పేలుడో కారణమని పాకిస్తాన్ అంటుంది. ఏది నిజమైనా ఘాజీ విశాఖ వాకిట్లోకి వచ్చింది అక్కడ విక్రాంత్ ఉందని నమ్మబట్టే.

ఘాజీ కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నిర్ణయాన్ని కూడా అదే కొలతతో చూడాలి. అతనికి అందిన సమాచారమంతా విక్రాంత్ విశాఖలో ఉందనే చెప్పింది. దాని కోసమే వేల కిలోమీటర్లు వచ్చినవాడు రేవు వాకిట కాపు కాయడంలో తప్పేముంది? అతని నిర్ణయం సబబైనదే, ఫలితం మాత్రం మరణం. తెరమీది అర్జున్ పద్ధతి బలహీనమైనది, ఫలితం విజయం. గెలుపును బట్టి తెలివిని కొలిస్తే ఈ ఇద్దరి విషయంలోనూ తలకిందుల తీర్పే ఇస్తాం. సినిమా కూడా కృష్ణన్ దారినే పట్టి ఉండవచ్చు. జాతీయగీతానికి బదులు లోపలి నుంచి మరమ్మతు చేస్తున్నట్టు సుత్తి దెబ్బలు, కూలిపోతున్నట్టు చప్పుళ్లు వినిపించి ఉంటే, చచ్చే స్థితిలో ఉన్న ఓడను ముగించడానికి రజాక్ దగ్గరికి రావడం కోపం వల్ల కాక బుద్ధి వల్లే జరిగేది. అప్పుడు అర్జున్ గెలుపు శత్రువు బలహీనత మీద కాక తన ఆలోచన మీద నిలిచేది.

సినిమాకు ఇంత లెక్క ఎందుకు, జాతీయగీతం వినిపించగానే గుండె ఉప్పొంగడమే ఆ సన్నివేశం పని కదా అని గట్టిగా అడిగేవారున్నారు. ఆ ఉద్వేగం అబద్ధం కాదు. సినిమా హాళ్లలో జాతీయగీతం వినిపించాలన్న సుప్రీంకోర్టు 2016 నవంబరు ఆదేశం అప్పటికి అమల్లో ఉంది. కథలో భాగంగా గీతం వచ్చినప్పుడు ప్రేక్షకులు లేచి నిలబడనక్కర్లేదని 2017 ఫిబ్రవరిలో, ‘ఘాజీ’ విడుదలకు కొద్ది రోజుల ముందే, కోర్టు స్పష్టం చేసింది. అంత బరువున్న గీతాన్ని ఎత్తుగడగా వాడినప్పుడు, ఆ ఎత్తు పారుతుందా అని అడగడానికే ప్రేక్షకుడు జంకుతాడు. ఉద్వేగం ప్రశ్నను మింగేస్తుంది. కానీ సముద్రం అడుగున బతుకు పోరాటం చూపే సినిమా మనల్ని కట్టిపడేసేది లోతు, గాలి, దూరం, కాలం వంటి కొలతలతోనే. గంటన్నర పాటు మన చేత ఆ కొలతలు లెక్కపెట్టించిన సినిమా చివరి పావుగంటలో వాటిని వదిలెయ్యమనడం న్యాయం కాదు. నిజమైన ప్రమాదానికి ఎదురు నిలిచినప్పుడే ధైర్యానికి విలువ.

చివరిగా, ఆ నిర్ణయం ఎవరి ప్రాణాల మీదికి వచ్చిందన్న ప్రశ్న ఉంది. ఎస్-21 సిబ్బంది ప్రమాణం చేసి వచ్చినవాళ్లు; దేశం కోసం ప్రాణం పణంగా పెట్టమని వాళ్లను అధికారి అడగవచ్చు. కానీ లోపల మరో ఇద్దరున్నారు. ఘాజీ ముంచిన ఓడ నుంచి అర్జున్ స్వయంగా కాపాడి తెచ్చిన తాప్సీ పాత్ర, ఒక చిన్నపిల్ల. వాళ్లు ఏ ప్రమాణమూ చేయలేదు. పైకి తేలితే వాళ్లకు మరింత ముప్పు కాబట్టి కిందే ఉండటం వాళ్లకూ మేలే అని సమాధానం చెప్పుకోవచ్చు, అది నిజం కూడా. అయితే శత్రువును కావాలని దగ్గరికి పిలిచేటప్పుడు ఆ ఇద్దరి లెక్క అర్జున్ మనసులో ఎంత బరువుగా ఉందో మనకు కనిపించాలి. ఒక్క నిమిషం తటపటాయింపు, ఒక్క మాట చాలు. అది వీరత్వాన్ని తగ్గించదు. ఆదేశాల పట్ల అంత బాధ్యత చూపిన పాత్ర, మనుషుల పట్ల కూడా అంతే బాధ్యత చూపిందని తెలిసేది.

ఘాజీ మునుగుతుందని చరిత్ర ముందే చెప్పింది కాబట్టి ముగింపును మార్చే వీలు దర్శకుడికి లేదు. ఏం జరుగుతుందో తెలిసిన కథలో చూడటానికి మిగిలేది, అది ఎందుకు జరిగిందన్నదే. అందుకే ఇలాంటి సినిమాల్లో పాత్రల నిర్ణయాలను ప్రేక్షకులు నిలదీయడం గొణుగుడు కాదు, సినిమాకు ఇచ్చే గౌరవం. ఎస్-21 పైకి తేలకుండా ఉండటం సరైనదే. కానీ దాని గెలుపు పూర్తిగా దాని సొంతం కావాలంటే ఎదుటివాడూ అంతే తెలివైనవాడై ఉండాలి. ఘాజీని తెలివైన శత్రువుగా లెక్కించి దాన్ని మించి ఆలోచించినవాళ్లు 1971 విశాఖలో ఉన్నారు. తెలుగు తెర మీద మరో యుద్ధ కథ వచ్చినప్పుడు శత్రువుకు ఆ మాత్రం బుద్ధి ఇవ్వమని దర్శకుల్ని అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా.