పక్షవాత రోగికి గుక్కెడు నీళ్లే ముప్పు

అన్నం తింటూ పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మాడు మీద తట్టడం పల్లెల్లో అలవాటు. పక్షవాతం వచ్చిన మనిషికి పొలమారితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. మూతి వంకరపోయి, కాలూచెయ్యీ పడిపోయిన వారిలో చాలామందికి గొంతు కూడా పట్టు తప్పుతుంది. ఆసుపత్రిలో చేరిన పక్షవాత రోగుల్లో దాదాపు సగం మందికి తొలి రోజుల్లో మింగడం కష్టమే. తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కొందరికి దగ్గయినా రాదు. పక్కనున్న వారికి సంగతే తెలియదు.

అందుకే రోగి మింగగలడో లేదో ముందు చూడాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రోగి మెలకువగా ఉన్నాడా, కూర్చోగలడా, దగ్గగలడా అని శిక్షణ పొందిన నర్సు చూస్తుంది. తర్వాత చెంచాతో కాసిని నీళ్లు పోసి గొంతు కదలిక గమనిస్తుంది. దగ్గు వచ్చినా, మాట గరగరలాడినా ఇక నోటితో ఏదీ ఇవ్వరు, మాత్ర కూడా. అవసరమైతే ముక్కులోంచి సన్నని గొట్టం వేసి ఆహారం, మందులు పంపుతారు.

ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 19 ఆసుపత్రులలో ఈ పని మీద పెద్ద పరిశోధన జరిగింది. కొన్ని వార్డులలో నర్సులు, వైద్యులు, మింగుడు నిపుణులు కూడబలుక్కొని జ్వరం, రక్తంలో చక్కెర, మింగడం ఈ మూడింటినీ కనిపెట్టి చూశారు. ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 90 రోజులు గడిచేసరికి చనిపోయిన వారు, పరాధీనంగా మిగిలిన వారు కలిసి మామూలు వార్డులలో నూటికి 58 మంది, ఈ వార్డులలో 42 మంది. మేలంతా మింగుడు పరీక్షదే అనలేం. మూడూ కలిసి చేసినది. కొత్త మందంటూ ఏదీ వాడకపోవడమే విశేషం.

మన ఆసుపత్రులలో రోగికి తినిపించేది ఎక్కువగా ఇంటివారే. కనుక జట్టులో వారూ ఉండాలి. పగలు కొడుకు, రాత్రి కూతురు, మధ్యలో కాఫీ ఫ్లాస్కుతో చూడవచ్చే చుట్టాలు. నర్సు ఒకరికి చెప్పిన మాట రెండోవారికి చేరకపోతే గుక్కెడు కాఫీ పోసేస్తారు. "నోటితో ఏమీ ఇవ్వరాదు" అన్న అట్ట మంచం తలవైపు కడితే చదువు వచ్చిన వారికి తెలుస్తుంది, రానివారికి నోటితోనే చెప్పాలి.

తినవచ్చునని వైద్యులు చెప్పాక కూడా తొందర పనికిరాదు. రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. పలుచని నీళ్ల కంటే చిక్కని జావ కొందరికి సులువుగా దిగుతుంది. ఎవరికి ఏది తగునో నిపుణులనే అడగాలి. చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే రెండోది. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, వాటిని తీసి నోరు శుభ్రం చేయాలి. తిన్న వెంటనే పడుకోబెట్టకుండా అరగంట కూర్చోనివ్వాలి.