ఎర్రచుక్క, అర మిల్లీమీటరు గురి

గత నెలలో ఒక ఆదివారం పొద్దున నాదర్‌గుల్‌లో మా మేనల్లుడు నన్ను మేడ మీదికి పిలిచాడు. పిట్టగోడకు ఆనించి కొత్త ఎయిర్ రైఫిల్ ఉంది. చేతిలోని ఫోనులో రెడ్ డాట్ సైట్ బొమ్మ, దాని కింద రెండు వేల చిల్లర ధర. "మామా, గిది పెడితే గురి తప్పదంట. కొనాల్నా?" అన్నాడు. పైన శిక్షణ విమానం ఒకటి ఎయిర్‌స్ట్రిప్ వైపు దిగుతోంది.

"దేన్ని కొట్టనీకె?" అని అడిగాను.

"ఇప్పటికి డబ్బాలు. మంచిగొస్తే పోటీలకు పోత."

డబ్బాలకు కావలసిన సైట్ ఒకటి, పోటీకి కావలసింది మరొకటి. రెండిటికీ ఒకటే కొనాలనుకున్నప్పుడే డబ్బు వృథా అవుతుంది.

ముందు ఆ వస్తువు ఏమిటో చూద్దాం. సినిమాల్లో శత్రువు గుండె మీద ఎర్రటి వెలుగు పడుతుందే, అది లేజర్. రెడ్ డాట్ నుంచి వెలుగు బయటికి పోదు. వంపు తిరిగిన చిన్న గాజు, దాని నాభి దగ్గర ఓ ఎల్ఈడీ, అంతే. గాజు మీది పూత ఎరుపును మాత్రం వెనక్కి తిప్పి, మిగతా వెలుగును పోనిస్తుంది. తిరిగొచ్చే కిరణాలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి, చుక్క ఎక్కడో దూరాన లక్ష్యం మీదే ఉన్నట్టు కంటికి తోస్తుంది. రెండు కళ్ళూ తెరిచే గురి పెట్టొచ్చు. వెనక సైట్, ముందు సైట్, లక్ష్యం, మూడింటినీ ఒక వరసకు తెచ్చే అవస్థ లేదు. కొత్తవాళ్ళకు ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఆలోచన పుట్టింది 1900లో, డబ్లిన్‌లో. టెలిస్కోపుల తయారీదారు హోవార్డ్ గ్రబ్ దీన్ని కనిపెట్టాడు. ఆ పేరు మన హైదరాబాద్‌కు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీకి వచ్చిన 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ వారిదే. తర్వాత బేగంపేటకు చేరిన ఆ అబ్జర్వేటరీ అక్కడి నుంచే నక్షత్రాల లెక్కలు కట్టింది. ఫిసల్‌బండ పక్కగా, ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. నక్షత్రాన్ని చూపించిన చేయీ, తుపాకికి గురి చూపించిన చేయీ ఒకటే. 1918లో జర్మన్ యుద్ధవిమానాల మీదికి ఎక్కిన ఈ రకం సైట్, 1975లో స్వీడన్ సంస్థ ఎయిమ్‌పాయింట్ చేతిలో రైఫిల్ మీద ఇమిడే ఎలక్ట్రానిక్ వస్తువైంది. 1990ల చివరికి అమెరికా సైన్యం దాన్ని తన రైఫిళ్ళకు బిగించుకుంది.

చవకలో మంచిదేది?

డబ్బాలే లక్ష్యమైతే చవక రెడ్ డాట్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఫోనులో కనిపించే బొమ్మను చూసి కాదు, మన తుపాకిని చూసి కొనాలి.

మొదట చూడాల్సింది కింద ఉండే పట్టు. మన దగ్గర దొరికే ఎయిర్ రైఫిళ్ళకు ఎక్కువగా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. రెడ్ డాట్‌లలో చాలావరకు వెడల్పాటి పికాటిని రైలుకు చేసినవి. డబ్బా విప్పాక గానీ ఈ తేడా తెలియదు. అప్పుడు అడాప్టర్ కోసం మళ్ళీ ఖర్చు, పైగా కీలు మీద కీలు చేరి వదులవుతుంది.

రెండోది దెబ్బకు తట్టుకోవడం. దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు. స్ప్రింగ్ తుపాకి చిన్నదే కదా, దానికేం కుదుపు అనుకుంటారు. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకి వెనక్కి తంతుంది. అంతలోనే పిస్టన్ చివర గుద్దుకుని ఆగుతుంది, తుపాకి ముందుకు లాగుతుంది. సెకనులో ఇసుమంత భాగంలో రెండు వైపులా కుదుపు. తూటా రైఫిల్ కుదుపును ఓర్చుకున్న సైట్లు కూడా దీనికి లొంగిపోతుంటాయి. బొమ్మ తుపాకుల కోసం చేసి, ఖరీదైన కంపెనీ పేరు అచ్చేసి అమ్మే నకళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమ్మేవాణ్ణి ఒక్కటే అడగండి: ఇది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందని తయారీదారు రాసిచ్చాడా? సూటిగా జవాబు రాకపోతే ఆ సైట్ వద్దు.

కొన్నాక పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఆసరా మీద రైఫిల్ ఆనించి ఐదు పెల్లెట్లు కాల్చండి. మర పైకి పది క్లిక్కులు, కుడికి పది, కిందికి పది, ఎడమకు పది తిప్పి మళ్ళీ ఐదు కాల్చండి. రెండో గుంపు మొదటిదాని మీదే పడాలి. పడకపోతే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.

చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా కనబడితే వెంటనే సైట్‌ను తిట్టకండి. ఫోను కెమెరాతో అందులోంచి ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే తేడా మన కంటిదే, ఆస్టిగ్మాటిజం కావచ్చు. సైట్ మార్చే ముందు కంటి డాక్టర్‌ను కలవాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుందామనే ఆలోచన మనవాళ్ళకు తప్పకుండా వస్తుంది. తుపాకి సైట్ల ఎగుమతి మీద ఆ దేశంలో నియంత్రణ ఉంది. సూట్‌కేసులో ఊరగాయ సీసా ఖాళీ చేసి పెట్టించుకునే వస్తువు కాదది.

బొట్టుబిళ్ళ లెక్క

ఇక పోటీ సంగతి. మేనల్లుడికి మాటలతో కాక కళ్ళ ముందే చూపించాలనుకున్నాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. తెల్ల కాగితం మీద పెన్సిల్ మొనతో ఆ చుక్క పెట్టాను. రెడ్ డాట్ చుక్కను ఎంఓఏ అనే కోణం కొలతలో కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దూరంలో దాదాపు 29 మిల్లీమీటర్లు, 10 మీటర్లలో 2.9. అంటే చిన్నదనుకునే 2 ఎంఓఏ చుక్క కూడా ఆ కాగితం మీద 5.8 మిల్లీమీటర్లు కప్పేస్తుంది. మా అక్క బొట్టుబిళ్ళల అట్టలోంచి ఆ కొలతకు దగ్గరగా ఉన్నది తీసి పెన్సిల్ చుక్క మీద అంటించాను. పది పాయింట్లూ దాని కింద మాయమైపోయాయి.

ఇంకొకటి కూడా ఉంది. 50 మీటర్లకు సర్ది వచ్చిన సైట్‌ను 10 మీటర్ల దగ్గర వాడితే, కన్ను 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా గురి 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. అర మిల్లీమీటరు ఆటలో నాలుగు ఎక్కడ?

అన్నిటికీ మించి, అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం రైఫిల్ పోటీల్లో కటకాలున్న సైట్ పనికిరాదు. అక్కడ వాడేది పీప్ సైట్. వెనక చిన్న రంధ్రం, ముందు ఓ వలయం, ఆ వలయం మధ్యలో నల్లటి టార్గెట్. బ్యాటరీ లేదు, చుక్క లేదు. ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రాలను కన్ను తనంతట తానే మధ్యకు తెచ్చుకుంటుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల పోటీలోనే. మన నగరం కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్ డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిందీ ఇందులోనే. పోటీ మీద మనసున్న పిల్లవాడికి ఆ రెండు వేలతో మంచి పెల్లెట్లు కొనివ్వండి. మిగిలితే, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి వైపు వెళ్ళి యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజ్‌లో శిక్షణ సంగతి కనుక్కోండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు గానీ, శక్తి 20 జౌళ్ళు గానీ దాటిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలి. లైసెన్సు అక్కర్లేనిదైనా అది బొమ్మ కాదు. కాంక్రీటు గోడకు తగిలిన పెల్లెట్ తిరిగొచ్చి కన్ను తీయగలదు. మేడ మీద కాల్చడం నాకు అసలు ఇష్టం లేదు. పక్క మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తుంటారు. ఊరి చివర పొలాల్లో నెమలి మీదికో, కౌజుపిట్ట మీదికో ఎత్తితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

మేనల్లుడు చాలాసేపు ఆ కాగితాన్నే చూశాడు. గోరుతో బొట్టుబిళ్ళ అంచు లేపి, కింద పెన్సిల్ చుక్క ఇంకా ఉందో లేదో చూసుకుని, మళ్ళీ అంటించాడు. రైఫిల్‌ను సంచిలో పెట్టి జిప్ లాగాడు.

"గచ్చిబౌలికి ఎన్నింటికి పోదాం మామా?" అన్నాడు.