రెక్కల కింద రెక్కల కష్టం

అరగంట, మహా అయితే ముప్పావు గంట. ఢిల్లీ నుంచి శంషాబాద్ వచ్చిన ఎ320 విమానం మళ్లీ పైకి లేవడానికి ఎయిర్‌లైన్ ఇచ్చే గడువు ఇంతే. ఆలోగా 180 మంది దిగాలి, మరో 180 మంది ఎక్కాలి. పాత సామాను దించి కొత్తది ఎక్కించాలి. ఇంధనం నింపాలి, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయాలి, మంచినీళ్లు పట్టాలి, భోజనాల ట్రాలీలు మార్చాలి, సీట్ల సందుల్లో ఇరుక్కున్న చిప్స్ ప్యాకెట్లు ఏరాలి. చిన్నపాటి పెళ్లి హడావిడంతా అరగంటలో ముగించి, పందిరి పీకేసి, పక్క వీధిలో ఇంకో పెళ్లికి పరుగెత్తినట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ పనులు చేసేవాళ్లను గ్రౌండ్ హ్యాండ్లింగ్ సిబ్బంది అంటారు. చెక్-ఇన్ కౌంటర్లో నవ్వుతూ బోర్డింగ్ పాస్ ఇచ్చేవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు గానీ, ఈ కథ ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పనిచేసేవాళ్లది. లోడర్లు, ట్రాక్టర్ డ్రైవర్లు, క్లీనర్లు, హెడ్‌సెట్ తగిలించుకుని ముక్కు చక్రం దగ్గర నిలబడేవాళ్లు.

విమానం ఆలస్యమైతే కారణం ఏమిటో రాయడానికి ప్రపంచమంతటా ఒకే రకం నంబర్లు వాడతారు. లోడింగ్ వల్ల అయితే 32. క్యాబిన్ క్లీనింగ్ 35, ఇంధనం 36, క్యాటరింగ్ 37. విమానమే ముందు ఊరి నుంచి లేటుగా వస్తే 93. అలా వచ్చినప్పుడు ర్యాంప్ మీద అందరూ హమ్మయ్య అనుకుంటారు, తప్పు తమ మీద పడదు కాబట్టి. 32 పడిందా, షిఫ్టు దిగాక సంజాయిషీ తప్పదు. మన దేశంలో బయల్దేరాల్సిన సమయానికి 15 నిమిషాలకు మించి లేటైతేనే ఆలస్యం కింద లెక్క. హైదరాబాద్‌తో సహా పెద్ద విమానాశ్రయాల్లో ఎవరు ఎంత టైముకు నడిపారో పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) నెలనెలా ప్రకటిస్తుంది. ఆ పట్టికలో ఎయిర్‌లైన్ల పేర్లే ఉంటాయి. నిమిషాలు మిగిల్చిన లోడరు అందులో ఎక్కడా కనిపించడు.

ఇంత తొందరలోనూ తొందరపడకూడని క్షణం ఒకటుంది. విమానం వచ్చి ఆగినా, పొట్ట మీద ఎర్రగా మిణుకుమనే బీకన్ లైటు ఆరేదాకా ఎవరూ గీత దాటి ఇంజిన్ల వైపు వెళ్లకూడదు. లైటు వెలుగుతోందంటే ఇంజిన్ తిరుగుతున్నట్టే. ఊరికే తిరుగుతున్న ఇంజిన్ కూడా కొన్ని అడుగుల దూరంలో ఉన్న మనిషిని లోపలికి లాగేయగలదు. 2015 డిసెంబరులో ముంబయిలో, హైదరాబాద్ రావాల్సిన విమానాన్ని పుష్‌బ్యాక్ చేస్తున్న (వెనక్కి నెడుతున్న) వేళ ఒక టెక్నీషియన్ ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో ర్యాంప్ ఉద్యోగిని ఒకామె ఇలాగే చనిపోయింది. ఆ విమానంలో సహాయక పవర్ యూనిట్ పనిచేయకపోవడంతో, కింది నుంచి కరెంటు అందేదాకా ఒక ఇంజిన్‌ను నడుపుతూ ఉంచారు. దగ్గరికి వెళ్లొద్దని ముందే చెప్పినా ప్రమాదం జరిగింది. ఆమెకు పని ఇచ్చిన సంస్థకు అక్కడి కార్మిక భద్రతా శాఖ వేసిన జరిమానా 15,625 డాలర్లు. విమానం ఇంజిన్ ధరతో పోలిస్తే ఆ మొత్తం ఏ మూలకు?

ఇక సామాను. బోయింగ్ 737 కార్గో హోల్డ్ ఎత్తు నాలుగడుగులు కూడా ఉండదు. నిలబడే ప్రసక్తే లేదు. బెల్టు మీద నుంచి వచ్చే పెట్టెల్ని లోడరు మోకాళ్ల మీదే అందుకుని, పక్కకు తిరిగి, వరసలు పేర్చాలి. ఒక్కో పెట్టె 32 కిలోల దాకా ఉండొచ్చు. మోకాలి చిప్పలు, నడుము ముందు అరిగేది ఇక్కడే.

సామాను చూసి సీజన్ చెప్పొచ్చు. ఆగస్టు వచ్చిందంటే అమెరికా చదువులకు వెళ్లే పిల్లల సూట్‌కేసులు, ఒక్కోటీ సరిగ్గా 23 కిలోల గీత మీద. గల్ఫ్ నుంచి వచ్చేవి తాడు బిగించి కట్టిన అట్టపెట్టెలు. వాటి మీద మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు పెద్దపెద్ద అక్షరాల్లో ఉంటాయి: జగిత్యాల, ఆర్మూరు, సిరిసిల్ల. ఆవకాయ సీసా పగిలిన పెట్టె ఒక్కటి చాలు, చుట్టూ ఉన్న పదింటికీ నూనె పూయడానికి.

ఆవకాయ సంగతెలా ఉన్నా, ఎండుకొబ్బరిని మాత్రం సామాన్లో పెట్టుకోనివ్వరు. నూనె శాతం ఎక్కువ కాబట్టి తనంతట తాను వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని అంతర్జాతీయ నిబంధనలు దాన్ని ప్రమాదకర సరుకుల్లో చేర్చాయి. చేతిసంచిలో పచ్చి కొబ్బరికాయకూ అనుమతి ఉండేది కాదు. 2022 నవంబరులో అయ్యప్ప భక్తుల కోసం పౌర విమానయాన భద్రతా బ్యూరో సడలింపు ఇచ్చింది. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల పరీక్ష అయ్యాక ఇరుముడిలోని కాయను ఆ సీజన్ ముగిసేదాకా వెంట తీసుకెళ్లనిచ్చారు.

పెట్టెలు ఎక్కించడమంటే ఖాళీ కనిపించిన చోట తోసేయడం కాదు. ముందు హోల్డులో ఎంత, వెనక ఎంత అని లోడ్ షీటు చెబుతుంది. అది తప్పితే విమానం తూకం తప్పుతుంది. 2023 అక్టోబరులో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో ప్రయాణికులు దిగుతుండగా ఒక ఎ321 విమానం బరువంతా వెనక్కి మొగ్గి, ముక్కు గాల్లోకి లేచి, తోక మీద కూలబడింది. కడప లాంటి చోట్లకు తిరిగే ఏటీఆర్ 72లో ప్రయాణికులు ఎక్కే తలుపు తోక దగ్గరే ఉంటుంది. అందరూ ఒక్కసారి అక్కడ గుమిగూడితే ప్రమాదమని, విమానం ఆగగానే తోక కింద ఊతకర్ర లాంటి కడ్డీ ఒకటి నిలబెడతారు. మెట్లెక్కేవాళ్లలో దాన్ని గమనించేవాళ్లు తక్కువ.

బయల్దేరే వేళ పని ముక్కు చక్రం దగ్గరికి చేరుతుంది. అక్కడ వేలెడంత పిన్ను పెడతారు. అది ఉన్నంతసేపూ చక్రం పైలట్ మాట వినదు, ట్రాక్టర్ ఎటు నెడితే అటే తిరుగుతుంది. పుష్‌బ్యాక్ అయ్యాక హెడ్‌సెట్ మనిషి ఆ పిన్ను పీకి, ఎర్ర పట్టీ వేలాడేలా పైకెత్తి కాక్‌పిట్‌కు చూపిస్తాడు. చక్రం ఇక మీ చేతిలో ఉంది అని దాని అర్థం. పైలట్ చెయ్యి ఊపుతాడు. కిటికీ సీట్లో పిల్లలు అది తమకే అనుకుని టాటా చెబుతారు.

మే నెల మధ్యాహ్నం ర్యాంప్ కాంక్రీటు పైనుంచీ కిందనుంచీ కాలుస్తుంది. వానాకాలంలో పిడుగుల హెచ్చరిక వస్తే అందరూ పని వదిలేసి లోపలికి రావాల్సిందే. సామాను ఎందుకు రావట్లేదని బెల్టు దగ్గర జనం గొడవ పడుతుంటే, అది తేవాల్సినవాళ్లు మెరుపులు ఎప్పుడు ఆగుతాయా అని చూస్తుంటారు.

వీళ్ల పని పేపర్లకెక్కిన రోజులూ లేకపోలేదు. 2021 జూన్ 1 తెల్లవారుజామున రష్యా నుంచి స్పుత్నిక్ వి టీకాలతో ప్రత్యేక కార్గో విమానం శంషాబాద్‌లో దిగింది. 56.6 టన్నులు, 30 లక్షల డోసులు. మైనస్ 20 డిగ్రీల చలిలో ఉండాల్సిన సరుకు. అన్ని లాంఛనాలూ ముగించి గంటన్నరలోపే దాన్ని బయటికి పంపించారు. కరోనా రెండో దశలో ఇంటి గడప దాటడానికే జనం భయపడ్డ రోజులవి.

ఉద్యోగ భద్రత దగ్గరికొస్తే ఈ ఉత్సాహం అణగిపోతుంది. చాలామంది విమానాశ్రయం ఉద్యోగులూ కారు, ఎయిర్‌లైన్ ఉద్యోగులూ కారు, మధ్యలోని ఏజెన్సీ మనుషులు. 2025 మే 15న తుర్కియేకు చెందిన చెలెబి సంస్థ భారత విభాగానికి కేంద్రం భద్రతా అనుమతి రద్దు చేసింది. హైదరాబాద్‌తో సహా తొమ్మిది విమానాశ్రయాల్లో అప్పటికి ఆ సంస్థ కింద పదివేల మంది దాకా పనిచేస్తుండేవారు. రెండు దేశాల మధ్య దౌత్య వివాదం ఎక్కడో, ఉద్యోగ భయం ఇక్కడ. ఇతర ఏజెన్సీలు వాళ్లను తీసుకుంటాయని విమానాశ్రయాలు ప్రకటించాయి. పని అదే, చోటు అదే, చొక్కా మీద పేరు వేరు.

అయినా ఈ కొలువులకు గిరాకీ తగ్గలేదు. 2024 జులైలో ముంబయి కలీనాలో లోడర్ల నియామకాలకు పాతిక వేల మంది దాకా తరలివచ్చి తొక్కిసలాటకు దారితీసే పరిస్థితి ఏర్పడింది. జీతం ఇరవై వేలకు అటూ ఇటూ. లోడర్ పోస్టుకు పదో తరగతి చాలు. కొన్ని నియామకాల్లో ఇంటర్వ్యూకి ముందే బరువులు ఎత్తించి, పరుగెత్తించి చూస్తారు.

ఈ గిరాకీనే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఖాయమంటూ ఫోన్లు చేసి, డిపాజిట్ కట్టమనే ముఠాలున్నాయి. ఒక్క సంగతి తెలిసినా వాళ్ల బారిన పడకుండా ఉండొచ్చు. ర్యాంప్ మీదికి వెళ్లాలంటే భద్రతా బ్యూరో ఇచ్చే ఎంట్రీ పర్మిట్ కావాలి. దానికి ఉద్యోగమిచ్చిన సంస్థే దరఖాస్తు పెట్టాలి, పోలీసులు అభ్యర్థి వివరాలు విచారించాలి. బయటి కన్సల్టెన్సీకి ఎంత డబ్బు కట్టినా ఆ కార్డు రాదు.