చుక్కలు లెక్కపెట్టే కొలువు

రొమ్ము క్యాన్సర్ అందరిలో ఒకేలా ఉండదు. రకాన్ని బట్టి మందు మారుతుంది. ఆ రకాన్ని వెలుగుతో పట్టిచ్చేవే ఫ్లోరసెంట్ ప్రోబ్‌లు. కెమిస్ట్రీ, బయాలజీ, కంప్యూటర్స్.. మీరు ఏది చదువుతున్నా ఈ రంగంలో చోటుంది.

ఏమిటీ ప్రోబ్?

దీనిలో రెండు భాగాలు. ఒకటి లక్ష్యాన్ని వెతికి అతుక్కుంటుంది. రెండోది కాంతి పడగానే మెరిసే రంగు. ఉదాహరణకు హెర్2 పరీక్ష చూడండి. మొదట కణజాలానికి ఐహెచ్‌సీ పరీక్ష చేస్తారు. స్కోరు 3+ వస్తే పాజిటివ్. 2+ వస్తే సందేహమే. అప్పుడు సాధారణంగా ‘ఫిష్’ పరీక్షకు వెళ్తారు. హెర్2 జన్యువు ఒక రంగులో, 17వ క్రోమోజోమ్ మరో రంగులో చుక్కలుగా కనిపిస్తాయి. కనీసం 20 కణాల్లో వాటిని లెక్కిస్తారు. నిష్పత్తి 2 లేదా అంతకు మించి, కణానికి సగటున 4 లేదా ఎక్కువ హెర్2 చుక్కలుంటే పాజిటివ్.

లెక్క తప్పితే? ట్రాస్టుజుమాబ్ లాంటి మందు అవసరమైన రోగికి అందదు. లేదా అక్కర్లేని వారికి ఖర్చు, దుష్ప్రభావాలు మిగులుతాయి. అందుకే ఇక్కడ ఓపికే మొదటి అర్హత.

ఎవరికి ఏ పని?

- కెమిస్ట్రీ: త్వరగా వెలిసిపోని, కణజాలం సొంత మెరుపులో కలిసిపోని రంగుల తయారీ.
- లైఫ్ సైన్సెస్, ఎంఎల్‌టీ: స్లైడ్ల తయారీ, పరీక్ష నిర్వహణ, నాణ్యత తనిఖీ. తుది రిపోర్టు మాత్రం పాథాలజిస్టుదే.
- కంప్యూటర్స్: ఒకదానిపై ఒకటి పడ్డ కణాలను విడదీసి, చుక్కలను లెక్కించే ప్రోగ్రాములు.

దారి ఇలా..

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, బయోటెక్నాలజీ పీజీకి గాట్-బి రాయొచ్చు. పరిశోధనకు సీఎస్ఐఆర్ నెట్, గేట్ ఉపయోగపడతాయి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఐఐసీటీ ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు నోటిఫికేషన్లు తరచూ చూస్తుండండి.

ఇప్పుడే ఏం చేయాలి?

ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ ఉచితం. డౌన్‌లోడ్ చేసుకుని, కణాల ఫొటోలో చుక్కలను ముందు కంటితో, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో లెక్కపెట్టండి. రెండు లెక్కలూ ఎక్కడ తేడా వచ్చాయో, ఎందుకొచ్చాయో రాసుకోండి. ‘కంట్రోల్ స్లైడ్ ఎందుకు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. ఫలితం తెలిసిన స్లైడ్ సరిగా వెలిగితేనే, రోగి స్లైడ్‌ను నమ్మొచ్చు!