అంగడి ఫోనులో.. లాభం లెక్కలో

దర్శి: ఇంట్లో సరుకుంది, జేబులో సెల్‌ఫోనుంది, ఇక అమ్మడమే తరువాయి అనుకుంటే పొరపాటే. ఆన్‌లైన్ వ్యాపారంలోకి కొత్తగా దిగేవారు ఫోటో తీయడానికి ముందే కాగితం, కలం చేతపట్టాలి. లెక్క కుదిరితేనే పెట్టుబడి పెట్టాలి.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పతనమైన వేళ కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర నిర్ణయించింది. అంటే కిలో సుమారు రూ.118. అదే మిర్చి కారమై, ప్యాకెట్‌లో పట్టణవాసి వంటింటికి చేరేసరికి ధర ఎన్నో రెట్లు పలుకుతుంది. ఈ వ్యత్యాసం చూసి రైతు కుటుంబాల యువత, పొదుపు సంఘాల మహిళలు ఆన్‌లైన్ అమ్మకాలపై ఆశ పెట్టుకోవడం సహజం. అయితే ఆ వ్యత్యాసంలో ఎంత చేతికి మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

పది ప్యాకెట్ల పాఠం

ఉదాహరణకు కిలో కారం రూ.400కు అమ్మారనుకుందాం. తొడిమల తరుగుతో కలిపి మిర్చికి రూ.170, మర పట్టించడానికి రూ.20, ప్యాకెట్, లేబుల్‌కు రూ.20, కొరియర్‌కు రూ.80, అమ్మకపు వేదిక రుసుము 15 శాతం చొప్పున రూ.60 అనుకుంటే మొత్తం ఖర్చు రూ.350. మిగిలేది రూ.50. పన్ను ఇందులో కలపలేదు.

పది ప్యాకెట్లలో ఒకటి తిరిగి వచ్చిందనుకుందాం. రానుపోను కొరియర్ రూ.160, ప్యాకెట్ రూ.20, పనికిరాకుండా పోయిన కారం రూ.190, వెరసి రూ.370 నష్టం. తొమ్మిది ప్యాకెట్లపై వచ్చిన రూ.450 లాభంలో ఇది పోగా మిగిలేది రూ.80 మాత్రమే. రెండు తిరిగి వస్తే రూ.340 చేతి నుంచి పడుతుంది. సరుకు అందాక డబ్బు చెల్లించే పద్ధతిలో ఈ బెడద మరింత ఎక్కువ. అందుకే కొత్తవారు ముందుగా సొమ్ము అందిన ఆర్డర్లతోనే ఆరంభించడం మేలు. ఖర్చులు ఊరిని బట్టి, వేదికను బట్టి మారుతాయి. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి.

హైదరాబాదూ పొరుగు రాష్ట్రమే

మన ప్రాంతంలో చాలా కుటుంబాలకు బంధువులున్నది హైదరాబాదులోనే. తొలి కొనుగోలుదారులూ వారే అవుతారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. 2014 విభజన తర్వాత హైదరాబాదుకు పంపే సరుకు అంతర్రాష్ట్ర అమ్మకం కిందకు వస్తుంది. పన్ను వర్తించే సరుకును వ్యాపారులు ఇతర రాష్ట్రాలకు అమ్మితే, టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. రాష్ట్రం లోపలే అమ్మే చిన్న వ్యాపారులకు మాత్రం, ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మినా, 2023 అక్టోబరు 1 నుంచి ఈ నమోదు విషయంలో సడలింపు ఇచ్చారు. అయితే జీఎస్టీ పోర్టల్‌లో పేరు నమోదు సంఖ్య పొందాలి. చెన్నై, బెంగళూరు ఆర్డర్లు తీసుకునే ముందు స్థానిక పన్ను సలహాదారును సంప్రదించడం క్షేమం.

ఆహార పదార్థాలు అమ్మేవారు ఇంట్లో తయారు చేసినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు పొందాలి. ఆ 14 అంకెల సంఖ్యను ప్యాకెట్‌పై ముద్రించాలి. పదార్థం పేరు, తయారీదారు చిరునామా, నికర బరువు, తయారైన తేదీ, వాడకపు గడువు, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు కూడా ఉండాలి. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దానికి రుసుము అడిగేవారిని నమ్మరాదు.

నాణ్యతే మూలధనం

తేమ ఆరని మిర్చిని మర పట్టిస్తే బూజు పడుతుంది. తాలుకాయలు కలిస్తే రంగు తగ్గుతుంది. రంగు కోసం అడ్డదారి తొక్కితే ఏమవుతుందో చెప్పడానికి 2005 నాటి బ్రిటన్ ఉదంతమే నిదర్శనం. నిషిద్ధ సుడాన్-1 రంగు కలిసిన కారం వాడారని తేలడంతో అక్కడ వందల రకాల ఆహార ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు.

సరుకు ఎంత ముఖ్యమో మాటా అంతే ముఖ్యం. 2025 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరానికి చెందిన ఒక ఆన్‌లైన్ పచ్చళ్ల సంస్థ, ధర ఎక్కువన్న కొనుగోలుదారుకు దూషణలతో వాట్సాప్‌లో ఆడియో పంపింది. అది సామాజిక మాధ్యమాల్లో పాకి, అమ్మకాలే నిలిచిపోయే పరిస్థితి తెచ్చింది. ఏ ఫోను గిరాకీ తెచ్చిందో అదే ఫోను పరువు తీసింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదికపై అమ్మేవారు ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని నిరాకరించరాదు.

మోసాలతో జాగ్రత్త

పెద్ద ఆర్డరు ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమనేవారున్నారు. యూపీఐలో డబ్బు స్వీకరించడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొడితే మన సొమ్మే పోతుంది. డబ్బు పడినట్లు స్క్రీన్‌షాట్ పంపితే సరిపోదు, ఖాతాలో జమ చూసుకున్నాకే పార్శిల్ పంపాలి. ఇంట్లో కూర్చుని నెలకు వేలు సంపాదించవచ్చంటూ ముందస్తు రుసుము అడిగే ప్రకటనలకు దూరంగా ఉండాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

తొలి నెల పరిచయస్తులకే ఇరవై, ముప్పై ప్యాకెట్లు అమ్మి చూడాలి. ప్రతి ఆర్డరుకు తేదీ, ఖర్చు, రాబడి, తిరిగి వచ్చినదీ లేనిదీ పుస్తకంలో రాయాలి. రెండోసారి అడిగినవారు ఎందరో లెక్కించాలి. ఆ సంఖ్య పెరుగుతుంటేనే మిర్చి మరో బస్తా కొనాలి. అప్పు చేసి ముందుగానే గది నిండా సరుకు నింపుకోవడం తగదు.