ధ్రువజ్యోతి – ఆకాశమున విద్యుత్ప్రవాహము

పూడిమడక తీరమునుండి రాత్రి వేటకు పోవు జాలరికి ఉత్తరమున ధ్రువనక్షత్రము కనిపించునుగాని ధ్రువజ్యోతి కనిపించదు. 2024 మే 10, 11 తేదీల నడిమి రాత్రి లడఖ్‌లోని హాన్లే వద్ద ఆకాశమున ఎర్రని వెలుగు కెమెరాలకు చిక్కెను. ఆ రాత్రి మన తీరమున ఏమియు జరుగలేదా? జరిగినది. ఇచటి భూఅయస్కాంత క్షేత్రము కొన్ని గంటలపాటు బలము తగ్గియుండెను.

ధ్రువజ్యోతికిని అయస్కాంతమునకును గల చుట్టరికము పాతదే. ఆ జ్యోతి వెలిగినపుడు దిక్సూచి సూది చలించునని 1741లో స్వీడనులో సెల్సియస్, హియోర్టర్ అనువారు గమనించిరి. ఆకాశమునుండి అయస్కాంత రేఖల వెంట విద్యుత్ప్రవాహములు వచ్చి పోవుచుండునని నార్వే శాస్త్రజ్ఞుడు బిర్కెలాండ్ 1908లో ప్రతిపాదించెను. 1966 మొదలు ఉపగ్రహ పరిశీలనలు దీనిని బలపరచినవి.

అయితే ప్రవాహమే వెలుగా? కాదు. బల్బులోని తీగవలె గాలి వేడెక్కి వెలుగుట లేదు. అయస్కాంత రేఖల వెంట వేగముగా దిగివచ్చు ఎలక్ట్రాన్లు ఆమ్లజని, నత్రజని కణములను ఢీకొనును. అవి గ్రహించిన శక్తిని కాంతిగా విడుచును. ఆమ్లజని 100–150 కి.మీ. ఎత్తున ఆకుపచ్చగను, 200 కి.మీ.కు పైన ఎర్రగను వెలుగును. అవే ఎలక్ట్రాన్లు ఢీకొన్న కణములనుండి మరికొన్ని ఎలక్ట్రాన్లను ఊడగొట్టుటచే అచటి గాలి మంచి విద్యుద్వాహకమగును. అందు లక్షల ఆంపియర్ల ప్రవాహము అడ్డముగా పారును. వెలుగు, ప్రవాహము ఒక తల్లి బిడ్డలు.

ఈ రేఖలు ధ్రువముల చెంత దాదాపు నిలువుగా దిగును. పూడిమడక వద్ద కొద్దిపాటి వాలుతో నేలబారుగా సాగును. కావున ఆ ఎలక్ట్రాన్లకు ఇచట దిగు దారి లేదు. కాని అయస్కాంత తుఫానువేళ, భూమధ్యరేఖకు వేల కిలోమీటర్ల ఎత్తున, భూమిచుట్టును పడమటి దిశగా పారు వలయ ప్రవాహము బలపడి భూక్షేత్రమును కొంత తగ్గించును. 2024 మేలో ఈ తగ్గుదల భూమధ్యరేఖా పరిసరములలో సగటున సుమారు 400 నానోటెస్లాలు. మన ప్రాంతపు క్షితిజ క్షేత్రము సుమారు 40,000. అనగా నూటికొక పాలు. పడవలోని దిక్సూచికి ఇది తెలియదు. హైదరాబాదులో 1964లో నెలకొల్పిన అయస్కాంత పరిశీలనాలయమువంటి చోట్ల సున్నితమైన పరికరములు ఇట్టి మార్పులను నమోదు చేయును.

ఇది వింత మాత్రమే కాదు. మారుచున్న అయస్కాంత క్షేత్రము తీగలలో విద్యుత్తును పుట్టించునని ఫారడే చూపెను. 1989 మార్చి 13న ఇట్టి తుఫానువలన కెనడాలోని క్విబెక్‌లో విద్యుత్ సరఫరా నిలిచి, అరువది లక్షల మంది సుమారు తొమ్మిది గంటలు చీకటిలో నుండిరి. నేటి జాలరి నమ్ముకొన్న జి.పి.యస్. పరికరమునకు కూడ సంకేతములు అయనావరణము గుండనే వచ్చును. తుఫానువేళ దాని లెక్క తప్పవచ్చును.

ఉపాధ్యాయులు ఒక బ్యాటరీ, ఒక తీగ, ఒక దిక్సూచి బల్లమీద నుంచి, తీగలో ప్రవాహము పారగనే సూది కదలుటను విద్యార్థులకు చూపవచ్చును. సెల్సియస్ ఆకాశమున వెదకిన కథ అంతయు ఆ కదలికలో కలదు.